పెన్ను పట్టుకోని ట్యూటర్లు

అమెరికాలో చదువుకునే రోజుల్లో రైటింగ్ సెంటర్లో పనిచేశానని చెబితే మనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "అంటే అమెరికా వాళ్లకి నువ్వు ఇంగ్లీషు నేర్పావా?" అందులో సగం గర్వం, సగం వెటకారం. నేర్పలేదండీ. పక్కన కూర్చున్నాను, వాళ్లు రాసింది చదువుతుంటే విన్నాను, "ఇక్కడ ఏం చెబుదామనుకున్నావ్?" అని అడిగాను. ఉద్యోగమంతా అంతే. అయినా నేను చదివిన డిగ్రీ కంటే ఆ ఉద్యోగమే నాకు ఎక్కువ గుర్తుంది. ముఖ్యంగా నాతో పనిచేసిన తోటి ట్యూటర్లు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. అక్కడ చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ అని ఒకటి ఉంటుంది. ఏ డిపార్ట్‌మెంట్ విద్యార్థి అయినా ఎస్సేనో, ల్యాబ్ రిపోర్టునో, థీసిస్‌లో ఒక చాప్టర్నో పట్టుకుని అపాయింట్‌మెంట్ మీద రావచ్చు. మా దగ్గర ఫీజు లేదు, మార్కులు వేయడం లేదు. పక్కన కూర్చునే ట్యూటర్ చాలాసార్లు ఇంకో విద్యార్థే. ఇదేం కొత్త ఏర్పాటు కాదు. అయోవా యూనివర్సిటీలో 1934లోనే రైటింగ్ ల్యాబ్ మొదలైంది. పర్డ్యూ వాళ్ల ల్యాబ్ 1976లో మొదలై, 1990ల్లో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. రిఫరెన్సులు ఎలా రాయాలో తెలియక అర్ధరాత్రి గూగుల్ చేసిన మన ఎమ్మెస్ విద్యార్థులు చాలామంది ఆ పర్డ్యూ ఔల్ (అంటే ఆ ల్యాబ్ వెబ్‌సైటే) గుమ్మం తొక్కే ఉంటారు.

నేను చేరడానికి పెద్ద ఆశయం ఏమీ లేదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకానే పనిచేయాలి. లైబ్రరీ ఉద్యోగాలు అప్పటికే అయిపోయాయి. ఇది మిగిలింది.

ట్రైనింగ్‌లో చెప్పినవి వింటే మొదట వింతగా అనిపించింది. ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. కాగితం విద్యార్థి ముందే ఉండాలి. పెన్ను విద్యార్థి చేతిలోనే ఉండాలి. రాసినదాన్ని తనే పైకి చదవాలి. ముందు వాదన, అమరిక చూడాలి. కామాలు, స్పెల్లింగులు ఆఖర్న. 1991లో జెఫ్ బ్రూక్స్ అనే ఆయన ఈ పద్ధతి గురించి రాసిన వ్యాసం మాకు మొదటివారమే చదివించారు. అంతకు ముందు, 1984లో, స్టీఫెన్ నార్త్ అనే ఆయన తన వ్యాసంలో ఈ సెంటర్ల పని కాగితాన్ని బాగుచేయడం కాదు, రాసేమనిషిని బాగుచేయడం అన్నాడు. మా డైరెక్టర్‌కి అది దాదాపు మంత్రం. (అక్కడ ప్రొఫెసర్నైనా పేరుపెట్టి పిలవమంటారు. నా నోటికి మాత్రం "మేడమ్" తప్ప రాలేదు. ఆవిడ కూడా కొన్నాళ్లు చూసి ఊరుకున్నారు.)

ఆ మేడమే మాకు మొదటి అసైన్‌మెంట్ ఇచ్చారు. "ఇంకొకళ్ల రాత ముట్టుకునే ముందు, భాషతో మీ లావాదేవీలేమిటో రాసుకు రండి. శుక్రవారం అందరం చదువుకుందాం." ఎప్పుడు చదవడం వచ్చింది, ఎవరు నేర్పారు, ఎక్కడ సిగ్గుపడ్డారు, ఎక్కడ గెలిచారు, ఏదైనా సరే. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లని ఏరి కూర్చోబెట్టారు కదా, అందరూ చిన్నప్పుడు పుస్తకాల పురుగులమని రాసుకొస్తారనుకున్నాను. అలా రాసినవాళ్లు ఒకరిద్దరే.

ముందుగా చదివిన కుర్రాడి అమ్మానాన్నలిద్దరికీ వినబడదు. అతని మొదటి భాష అమెరికన్ సైన్ లాంగ్వేజ్. ఇంగ్లీషు తర్వాత వచ్చింది, టీవీ నుంచీ పక్కింటివాళ్ల నుంచీ. నాకు అప్పటిదాకా ఆ సైగలంటే ఇంగ్లీషునే చేతులతో చూపించడమనుకునే అమాయకత్వం ఉండేది. అతను ఓపిగ్గా చెప్పాడు. దాని వ్యాకరణం దానిదే. 1960లో, వినబడనివాళ్ల కోసం ఉన్న గాలొడెట్ కాలేజీలో పనిచేసే విలియం స్టోకో అది అన్నివిధాలా ఒక భాషేనని చూపించేదాకా చదువుకున్నవాళ్లు కూడా దాన్ని భాష కింద లెక్కగట్టలేదు. ఇంకో చిత్రం, అది బ్రిటన్‌లో వాడే సైగల భాషకంటే ఫ్రాన్స్‌ దానికే దగ్గర చుట్టం. 19వ శతాబ్దం మొదట్లో లారెంట్ క్లెర్క్ అనే వినబడని ఫ్రెంచి టీచర్ అమెరికా వచ్చి బడి పెట్టడంలో సాయం చేయడం వల్ల.

బ్యాంకులో, ఆస్పత్రిలో, ఇంటి ఓనరు దగ్గర, అన్నిచోట్లా వాళ్లమ్మానాన్నలకు దుబాసీ ఈ పిల్లాడే. స్కూల్లో పేరెంట్ మీటింగ్‌కీ వాడే. అంటే టీచర్ తనమీద చేసిన ఫిర్యాదును తనే అమ్మకి చెప్పాలి. మేమందరం ఒకటే మాట: "మార్చి చెప్పేవాడివి కదూ?" లేదట. ఆ భాషలో మొహం కూడా వ్యాకరణంలో భాగమే. చేతులొకటి చెప్పి మొహం ఇంకోటి చెబితే అమ్మ అక్కడికక్కడే పట్టేసేదట.

అతని సెషన్లు నేను పక్క టేబుల్ నుంచి చూసేదాన్ని. కాగితం వైపు చూసేవాడే కాదు. విద్యార్థి పైకి చదువుతుంటే ఆ మొహాన్ని చూస్తూ ఉండేవాడు. ఎక్కడో ఒకచోట చదివే పిల్ల కనుబొమలు కొంచెం ముడిపడేవి, ఆమెకే తెలియకుండా. "అక్కడ ఆగు. ఆ వాక్యం నీకే నచ్చలేదు కదా?" అనేవాడు. తొంభైపాళ్లు నిజమే అయ్యేది. ఆ విద్య ఏ ట్రైనింగ్‌లోనూ లేదు.

రెండో మనిషి గణితం చదివే అమ్మాయి. డిస్లెక్సియా. రెండో తరగతిలో క్లాసంతటి ముందూ పైకి చదవమంటే అక్షరాలు కదిలిపోయి నోరు పెగలక నిలబడిపోయిన రోజు గురించి రాసింది. నవ్విన పిల్లల్లో ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారో కూడా రాసింది. అలాంటి మనిషి ఏరికోరి రైటింగ్ సెంటర్లో ఎందుకు చేరిందని నేనడిగితే, "చదవడం కష్టమని తెలిసినవాళ్లు కూడా ఇక్కడ ఒకరుండాలి కదా," అంది, బోర్డు తుడుస్తూ.

ఆమె పేజీని చదివేది కాదు, గీసేది. విద్యార్థి చదువుతుంటే ఒక్కో పేరాకి ఒక్కో డబ్బా, ఒక డబ్బా నుంచి ఇంకోదానికి బాణం. బాణం గీయడానికి వీలులేని చోట ఆగేది. "మూడోదాని నుంచి నాలుగోదానికి ఎలా వచ్చావ్? దారి కనబడటం లేదు." ఫిలాసఫీ ప్రొఫెసర్లు తమ విద్యార్థుల్ని ప్రత్యేకంగా ఆమె దగ్గరికి పంపించేవాళ్లు. ఆమెకు స్పెల్లింగులు రావన్న సంగతి ఆ ప్రొఫెసర్లకు తెలుసో లేదో మరి!

మా అందరిలో పెద్దాయన ఒకరుండేవారు. విద్యార్థి కాదు, జీతం మీద పనిచేసే ట్యూటర్. ఎన్నో ఏళ్లు ఒక దినపత్రికలో కాపీ ఎడిటర్‌గా చేసి, అక్కడ మనుషుల్ని తగ్గించుకునే రోజుల్లో బయటికొచ్చి మా దగ్గర చేరారు. ఆయనకి భాషంటే కామాయే. వెక్కిరింపు కాదు, నిజంగానే అంటున్నాను. అమెరికా పత్రికలు వాడే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ) పద్ధతిలో మామూలు జాబితాలో ఆఖరి "అండ్" ముందు కామా పెట్టరు. యూనివర్సిటీల్లో వాడే షికాగో, ఎమ్మెల్యే, ఏపీయే పద్ధతులన్నిటిలోనూ పెట్టాలి. (ఎమ్మెల్యే అంటే అక్కడ అసెంబ్లీ కాదు, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్. మొదటిసారి విన్నప్పుడు నాకొచ్చిన నవ్వు అక్కడ ఎవరికీ వివరించలేకపోయాను.) జీవితమంతా కొట్టేసిన కామాని ముసలితనంలో పెట్టమని చెప్పాల్సి రావడం ఆయనకు నిజంగానే బాధ.

సరిగ్గా నేనున్నప్పుడే, 2017లో, ఆ కామా కోర్టుకెక్కింది. మెయిన్ అనే రాష్ట్రంలో ఒక పాల కంపెనీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ జీతం కోసం కేసు వేశారు. ఏయే పనులకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో ఆ రాష్ట్ర చట్టంలో ఒక జాబితా ఉంది. దాని చివర "షిప్‌మెంట్ లేదా డిస్ట్రిబ్యూషన్ కోసం ప్యాకింగ్" అనే అర్థం వచ్చే ముక్క. ఆ "లేదా"కి ముందు కామా లేదు. దాంతో అక్కడ చెప్పింది ప్యాకింగ్ అనే ఒక్క పని గురించా, లేక ప్యాకింగ్ ఒకటి, డిస్ట్రిబ్యూషన్ ఇంకొకటా అన్నది తేలలేదు. డ్రైవర్లు సరుకు చేరవేస్తారు కానీ ప్యాక్ చేయరు. చట్టం స్పష్టంగా లేదు కాబట్టి అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపే మొగ్గింది. మరుసటేడు 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తీర్పు వచ్చిన రోజు పెద్దాయన దాన్ని ప్రింట్ తీసి మా గదిలో గోడకి అంటించారు. ఓడిపోయింది ఆయన పత్రికల పక్షమే. అయినా "కామా కోసం ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు చూశావా," అని రోజంతా మురిసిపోయారు.

ఇక ఒక కుర్రాడు. సాహిత్యం విద్యార్థి, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. అతని అసైన్‌మెంట్ ఒకే పేజీ. "నాకు చెప్పుకోడానికి కథేమీ లేదు," అన్నాడు. విదేశీ విద్యార్థులు అతని దగ్గర కూర్చుంటే ఇబ్బంది ఒకటే వచ్చేది. ఇక్కడ ఆర్టికల్ (ఎ, ఆన్, ది) ఎందుకు పెట్టాలి, ఇక్కడ ఎందుకు పెట్టకూడదు అంటే, "ఇలా అంటే వినడానికి బాగుంటుంది," అనేవాడు. పాపం అతనికి అంతకుమించి తెలియదు. ఊపిరి ఎలా తీసుకుంటున్నావంటే మనం మాత్రం ఏం చెబుతాం? చైనా నుంచి వచ్చిన ఒక పీహెచ్‌డీ విద్యార్థిని నోట్‌బుక్ తెరిచి రూలు కోసం పెన్ను పట్టుకుని కూర్చునేది. అప్పుడతను నా టేబుల్ వైపు చూపించేవాడు: "ఆమెనడుగు. ఆమె రూల్స్ చదువుకుని వచ్చింది."

నిజమే. ఆర్టికల్స్ లేని భాష నుంచి వచ్చినదాన్ని కదా, ఒక్కోటీ కంఠస్థం పట్టి నేర్చుకున్నదాన్ని. మొదటిసారి ప్రస్తావించేటప్పుడు ఒకలా, అవతలివాళ్లకి తెలిసినదాని గురించైతే ఇంకోలా, అన్నీ వేళ్లమీద చెప్పేదాన్ని. స్కూల్లో బట్టీ పట్టిన ఆ రూల్సు నాకు గొప్పగా పనికొచ్చింది జీవితంలో అక్కడే. కానీ వాక్యం తప్పులేకుండానే బిగుసుకుపోయినట్టుందా, ఏ అమెరికనూ ఇలా రాయడా అన్న అనుమానం వస్తే నేను అతని దగ్గరికే పోవాలి. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి ట్యూటర్ అని మేడమ్ ఆటపట్టించేవారు.

కథ లేదన్నాడు కదా. కొన్ని నెలలు పోయాక ఒకరోజు మెట్లమీద ఫోన్ మాట్లాడుతుంటే విన్నాను. వాళ్లమ్మతో. అది మాతో మాట్లాడే ఇంగ్లీషు కానే కాదు. అచ్చులు సాగుతున్నాయి, క్రియలు వేరేగా ఉన్నాయి, మాటలో పాట ఉంది. అపలాచియా కొండల్లో పుట్టి పెరిగాడట. యూనివర్సిటీలో మొదటివారమే రూమ్మేట్లు అతని యాసని అనుకరించి నవ్వితే, సెలవులకి ఇంటికెళ్లేలోపు మార్చేసుకున్నాడు. "అది కథ కాదా?" అన్నాను. "అది అందరికీ ఉండేదే కదా," అన్నాడు. ఉండేదే. హాస్టల్లో చేరిన వారానికల్లా యాస మార్చుకున్న మన పిల్లలు నాకు పేర్లతో సహా తెలుసు. కానీ ఒకటే భాష వచ్చినవాడికి కూడా ఆ తంటా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నా అసైన్‌మెంట్‌లో నేను రాసింది కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఇంట్లో మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో పద్యాల తెలుగొకటి, పరీక్షలు రాసే ఇంగ్లీషొకటి. కలలు మొదటిదాంట్లో, మార్కులు మూడోదాంట్లో. మధ్యలో గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి ఒక పేరా రాశాను. ఆయన సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాయడం, ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో పిల్లలచేత పరీక్షలు రాయించడమేమిటని పండితులతో పోరాడటం, 1919లో అందుకోసమే 'తెలుగు' అనే పత్రిక పెట్టడం. ఆ పేరా చదివినప్పుడు మేడమ్ పెన్ను తీసి నోట్ చేసుకున్నారు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

తర్వాతి స్టాఫ్ మీటింగ్‌లో తెలిసింది. అమెరికాలోనూ అదే గొడవ నడిచింది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 1970లో హైస్కూలు పాసైన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. అంతవరకూ కాలేజీ మొహం చూడని ఇళ్ల నుంచి పిల్లలొచ్చారు. వాళ్ల రాతలు చూసి చాలామంది ప్రొఫెసర్లు తలపట్టుకున్నారు. మీనా షాఘ్నెసీ అనే ఆవిడ మాత్రం ఆ కాగితాలు వేలకొద్దీ ముందేసుకుని చదివి, ఆ తప్పులన్నిటికీ ఒక లెక్క ఉందని, అవి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావని చూపిస్తూ 1977లో పుస్తకం రాశారు. దానికి మూడేళ్ల ముందే, 1974లో, కాలేజీల్లో రాత నేర్పే టీచర్ల సంఘం విద్యార్థులకు తమ ఇంటిభాష మీద హక్కుందని తీర్మానం చేసింది. మీటింగ్‌లో మేడమ్ ఇవన్నీ చెప్పి, "ఇండియాలో ఈ వాదన ఇంకా ముందే జరిగింది," అని నావైపు చూశారు. ఆ పూట కొంచెం ఎత్తు పెరిగినట్టే ఉంది నాకు.

కానీ తీర్మానాలు వేరు, టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి వేరు. ఒక నల్లజాతి అమ్మాయి, ఫస్టియర్, ఎస్సేతో వచ్చింది. ఇంట్లోవాళ్ల మాటల్ని వాళ్ల ఇంగ్లీషులోనే రాసింది, మిగతాది కాలేజీ ఇంగ్లీషులో. రెండుమూడు చోట్ల ఇంటి ఇంగ్లీషు కథనంలోకి కూడా వచ్చింది. దాన్ని ఏం చేయాలని మాలో మేమే ఇద్దరం వాదనకి దిగాం. మార్చమనడం అన్యాయమని ఒకరు, మార్చమని చెప్పకపోతే గ్రేడు పోతుంది, ఆ నష్టం మనకు కాదు కదా అని ఇంకొకరు. ఆ అమ్మాయి కాసేపు విని వాచీ చూసుకుంది. "నాకు రెండూ వచ్చు. ఎక్కడ ఏది కావాలో అది పెట్టాను. మీరు రెండో పేజీలో నా ఆర్గ్యుమెంట్ నిలబడిందో లేదో చెబుతారా? ఇంకో ఇరవై నిమిషాల్లో నాకు క్లాసుంది." నిలబడలేదు. దానిమీద కూర్చున్నాం.

మనవాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఒక ఎమ్మెస్ కుర్రాడు బాగా గుర్తు. ఇంటర్న్‌షిప్ కోసం కవర్ లెటర్ తెచ్చాడు. "అక్కా, మీరే మార్చేయండక్కా, నేను కింద పేరు పెట్టుకుంటాను. రేపే డెడ్‌లైన్, టెన్షన్‌గా ఉంది." లెటర్ నిండా తను ఎంత కష్టపడతాడో, ఎంత ఆసక్తి ఉందో, ఆ కంపెనీ ఎంత గొప్పదో. ఏ సీనియరో ఇచ్చిన టెంప్లేట్. పైకి చదవమన్నాను. గబగబా, ఊపిరి తీసుకోకుండా, ఎవరిదో చదివినట్టు చదివేశాడు.

"ఇది పక్కన పెట్టు. ఇంతకుముందు ఉద్యోగంలో ఏం చేశావో తెలుగులో చెప్పు."

"ఏముందక్కా, సపోర్ట్ ప్రాజెక్టు. గొప్పగా చెప్పుకునేదేం కాదు."

"చెప్పు, వింటాను."

మొదలుపెట్టాడు. నెలాఖరొస్తే బిల్లింగ్ సిస్టమ్ ఆగిపోయేదట. అందరూ సర్వర్ మార్చాలనేవాళ్లట. ఇతను రాత్రుళ్లు కూర్చుని లాగ్స్ చదివి, ఒకే రిపోర్టును రెండు టీములు ఒకే సమయానికి నడుపుతున్నాయని కనిపెట్టాడు. ఒకదాని టైమ్ మార్పించాడు. అంతే, సర్వర్ ఖర్చు లేకుండా సమస్య పోయింది. చెబుతున్నంతసేపూ చేతులాడుతున్నాయి, కుర్చీలో ముందుకి వచ్చి కూర్చున్నాడు. సైన్ లాంగ్వేజ్ కుర్రాడు పక్క టేబుల్ నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నాకు బొటనవేలు చూపించాడు.

"ఇదెక్కడుంది లెటర్లో?"

"ఇది రాస్తారా అక్కా?"

"ఇంకేం రాస్తారు నాయనా?"

పెన్ను అతని చేతిలోనే ఉంది. అక్కడే వెనకవైపు రాశాడు. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంది కానీ ప్రతి ముక్కా అతనిదే. తర్వాత సరిచేసుకోవడం అరగంట పని. సెషన్‌లో ఇంగ్లీషు కాకుండా వేరే భాష మాట్లాడొచ్చా అన్న అనుమానం అతను వెళ్లాక వచ్చి మేడమ్‌ని అడిగాను. "లెటర్ బాగుపడిందా?" అన్నారు. బాగుపడిందన్నాను. "మరి నన్నెందుకు అడుగుతున్నావ్?" అని కాఫీ కప్పు తీసుకుని వెళ్లిపోయారు.

అక్కణ్నుంచి వచ్చేసి చాలాకాలమైంది. ఇప్పుడు చేసే పనికీ దానికీ సంబంధం లేదు. అయినా ఆఫీసులో ఎవరైనా డాక్యుమెంట్ పంపి "ఒకసారి చూడండి" అంటే, "పైకి చదువు, వింటాను" అంటాను. సణుగుతారు, చదువుతారు. సగం తప్పులు వాళ్లే పట్టుకుంటారు. నేను తెలుగులో రాయడం మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచి వచ్చాకే. అంతకుముందు తెలుగంటే చదవడమే.

మా పాత బ్యాచ్‌కి ఒక చాట్ గ్రూపుంది. గణితం అమ్మాయి ఇప్పుడు పాఠాలు చెబుతోంది. కొండల కుర్రాడు వాళ్లమ్మ యాసలోనే కథలు రాస్తున్నాడు. మొన్న ఒకటి చదివి ఆడియో పెట్టాడు, సగమే అర్థమైంది నాకు. పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నారు. ఏఐ వచ్చాక డ్రాఫ్టుల్లో కామాలన్నీ సరిగ్గా ఉంటున్నాయట. పైకి చదవమంటే మాత్రం కొందరు తమ పేరాల్లోని మాటల దగ్గరే తడబడుతున్నారట. ఈయనకి దిద్దడానికి ఏమీ మిగలక, "ఇందులో నువ్వేమన్నావ్?" అని అడుగుతూ కూర్చుంటున్నారట. మొత్తానికి స్టీఫెన్ నార్త్ 1984 నాటి వ్యాసం దారికి తెచ్చింది ఆయన్ని.

మీ అందరి గురించీ తెలుగులో రాస్తున్నానని నిన్న గ్రూపులో చెప్పాను. గూగుల్‌లో అనువాదం చేసుకుని చదువుతామన్నారు. ఎవరి గురించి ఎంత రాశావని గణితం అమ్మాయి అప్పుడే పేరాల లెక్క అడిగింది. ఆ అనువాదంలో కామాలు తను చూసుకుంటానని పెద్దాయన మెసేజ్ పెట్టారు.